దిష్టి గుమ్మడికాయకు ఇన్సూరెన్సు లేదు

ఆ అమావాస్య పొద్దున వెంకటాద్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటలకు ఇంటిముందు వ్యానుకు దిష్టి తీయించుకోవాలి. ఎనిమిదింబావుకు గుడియాత్తం వదలాలి. దారిలో ఎక్కడైనా పొంగలు తిని, పన్నెండు కొట్టేలోగా వేలూరులోని స్కూలుకు చేరి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆంధ్రలో ఉన్న చుట్టాలు అమావాస్యనాడు మంచి పనికి గడప దాటరు. తరతరాలుగా తమిళదేశంలో ఉండిపోయిన వెంకటాద్రి లాంటి తెలుగువాళ్ళకు మాత్రం అది దివ్యమైన రోజు. ఎవరి నమ్మకం వాళ్ళది, మనకెందుకు?

ఆ సంతకం సంగతి మాత్రం చెప్పుకోవాలి. వెంకటాద్రి ఇరవై రెండేళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. లారీ నడిపాడు, బస్సు నడిపాడు, రెండేళ్ళ కిందట సొంత వ్యాను కొనుక్కున్నాడు. ఇంతకాలంలో కోడిపిల్లను కూడా తొక్కలేదు. స్టేషన్లో అతని పేరు మీద చిన్న కేసు లేదు. ఆ మాటే కాగితం మీద రాయించుకుని, ముద్ర వేయించుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. స్కూలు కరస్పాండెంటు హేమప్రియ మొదటి రోజే చెప్పింది, పిల్లల్ని ఎక్కించే డ్రైవరు మీద ఒక్క కేసు ఉన్నా గేటు దగ్గరికే రావద్దని. వెంకటాద్రి ధైర్యం చేసి వ్యానుకు పసుపు రంగు కొట్టించాడు. పెయింటరు సెల్వకుమార్ ఇంకాస్త ధైర్యం చేసి, ఎలాగూ సంతకం అయ్యేదే గదా అని, స్కూలు పేరు కూడా ముందు అద్దం పైన పెద్ద అక్షరాలతో రాసిపారేశాడు. ఇక ఆ వ్యాను పెళ్ళివాళ్ళకు పనికిరాదు, యాత్రకు పనికిరాదు. ఈ ఉద్యోగం తప్పితే దాన్ని ఇంటిముందు నిలబెట్టుకుని చూస్తూ కూర్చోవలసిందే.

అందుకే అతని తల్లి గోవిందమ్మ మంచి లావుపాటి బూడిద గుమ్మడికాయను ఎంచి తెప్పించింది. తొడిమ దగ్గర చిన్న కంత కోసి, లోపల దోసెడు కుంకుమ నీళ్ళతో కలిపి పోసి, పది రూపాయల బిళ్ళ ఒకటి వేసింది.

"పది రూపాయలెందుకుమా? ఒక రూపాయి చాలదా?" అన్నాడు వెంకటాద్రి.

"ఈ పది రూపాయల బిళ్ళ మనూళ్ళో యా అంగట్లోనూ తీసుకోరు గదరా. మూడు నెల్లుగా నా సంచీలోనే తిరగతా ఉండాది. దిష్టికన్నా పోనీ."

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వెంకటాద్రి ఇంజను స్టార్ట్ చేసి ఉంచాడు. గోవిందమ్మ కాయ మీద కర్పూరం వెలిగించి వ్యాను ముందు మూడుసార్లు తిప్పి కొడుకు చేతికిచ్చింది. అతను బంపరుకు రెండడుగుల ముందు, రోడ్డు మీద, తన బలమంతా పెట్టి కొట్టాడు. కాయ భళ్ళున పగిలింది. ఎర్రటి గుజ్జు నాలుగు వైపులా చిమ్మింది. ఇక తల్లీకొడుకులిద్దరూ వెనక్కి తిరగకుండా ఇంటి వైపు నడిచారు. దిష్టి కాయ పగలగొట్టినవాళ్ళు దాన్ని మళ్ళీ చూడకూడదు. నేరుగా ఇంట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కోవాలి. ఆ తరువాత రోడ్డు మీద ముక్కలు ఊడ్చి ఓరగా నెట్టడం వెంకటాద్రి సొంతంగా పెట్టుకున్న నియమం. మోటారు సైకిలువాళ్ళు జారిపడతారని అతనికి భయం. అందుకు పొరక తలుపు పక్కనే సిద్ధంగా పెట్టుకున్నాడు. మధ్యలో రోడ్డు ఒంటరిగా ఉండేది ఒక్క నిమిషం.

ఆ ఒక్క నిమిషంలోనే వెనకాల ధబ్బుమని చప్పుడైంది. "అయ్యో, సచ్చినానురా!" అని మగగొంతు వినిపించింది.

వెంకటాద్రి మెడ తిరగబోయింది. గోవిందమ్మ అతని చెవి పట్టుకుంది. నలభై ఆరేళ్ళ వయసులో అతని చెవి పట్టుకునే హక్కు లోకంలో ఆమెకొక్కదానికే ఉంది.

"ఎనక్కి చూస్తివా, దిష్టంతా నీ కండ్లలోకే వస్తాది!"

"అమ్మా, ఎవురో పడినారు."

"పడనీ. తిరగొద్దు."

"అరస్తా ఉండారుమా!"

"అరవనీరా నాయనా. బతికుంటేనే గదా అరిచేది? ముందర కాళ్ళు కడుక్కో."

ఇద్దరూ లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు. ఇంత వేగంగా వెంకటాద్రి పుట్టి బుద్ధెరిగి కాళ్ళు కడుక్కోలేదు. పొరక అందుకుని వీధి తలుపు వైపు పరుగెత్తబోతే గోవిందమ్మ గడియ పెట్టి అడ్డంగా నిలబడింది.

"ఈ దావన పోవద్దు. దిష్టి ఎవుర్నో పట్టుకొనేసింది. ఇట్నే ఎదురుగా పోతివా, మల్లా నిన్నే పట్టుకొంటాది. పెరటి దావన పోయి, అట్ల తిరుక్కొని, వ్యాను ఎనకాల నుంచి రా."

తల్లితో వాదించే టైము లేదు. అతను పెరటి గోడ దూకి, మగ్గాల సందులో పడి, అగ్గిపెట్టెల గోడౌను చుట్టూ తిరిగి, చేతిలో పొరకతో పరుగెత్తాడు. ఆ చుట్టు తిరగడానికి ఆరు నిమిషాలు పట్టింది.

ఆరు నిమిషాలు చాలా ఎక్కువ. ఆ సమయానికి రోడ్డు మీద ముప్ఫైమంది పోగయ్యారు. వాళ్ళకు కనబడింది ఇది: ఇంజను ఆడుతూ నిలబడ్డ పసుపు స్కూలు వ్యాను, దాని బంపరు ముందు వెల్లకిలా పడి ఉన్న పెద్దమనిషి, ఆయన తెల్ల చొక్కా మీద, తెల్ల పంచె మీద, తెల్ల జుట్టు మీద ఎర్రగా కారుతున్న ద్రవం. డ్రైవరు సీటు ఖాళీ. ఇంకేం కావాలి? "డ్రైవర్ ఓడిట్టాన్!" అని ఎవరో తమిళంలో అరిచారు. పారిపోయాడన్న మాట రెండు భాషల్లోనూ వీధి చివరిదాకా వెళ్ళింది. ఎదురుగా మందుల షాపు భరణి ఫోను తీసి ఫోటో కొట్టాడు. ఫోటోలో వ్యాను నెంబరు కన్నా స్కూలు పేరు బాగా పడింది.

సరిగ్గా అప్పుడు వ్యాను వెనక నుంచి వెంకటాద్రి రొప్పుతూ వచ్చాడు.

"ఎవురప్పా పడింది? ఏమయింది?"

"నువ్వే కొట్టి, నువ్వే పారిపోయి, నువ్వే వచ్చి అడగతా ఉండావా?" అన్నాడు భరణి. "ఆ పొరక ఎందుకు తెచ్చినావు?"

"ఊడ్చేదానికి."

కింద పడి ఉన్న పెద్దమనిషి ఒక్కసారి కళ్ళు తెరిచాడు. "ఊడవొద్దు! ఎవురూ ఏదీ ముట్టొద్దు. సాక్ష్యం!" అని గట్టిగా అరిచి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

వెంకటాద్రి పొరక దించేశాడు. ఆ గొంతు ఎవరిదో అతనికి తెలుసు. ఆ ఊళ్ళో ఎవరికి తెలియదు కనుక? ఆయన నటరాజన్. వేలూరు కోర్టులో యాక్సిడెంట్ కేసులు మాత్రమే చూసే వకీలు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గుమాస్తా. గుడియాత్తంలో ఎవరి కాలు విరిగినా డాక్టరు కన్నా ముందు ఆయనకు కబురు వెళుతుంది. ఏ వేలుకు ఎంత నష్టపరిహారమో, ఏ ఎముకకు ఎన్ని నెలల విశ్రాంతో ఆయనకు కంఠోపాఠం. అలాంటి మనిషి రోడ్డు మీద పడాలనుకుంటే ఇంకెక్కడా చోటు దొరకలేదా?

"రగతం కాదప్పా ఇది, కుంకుమ!" అన్నాడు వెంకటాద్రి జనంతో. ఎవరూ వినలేదు. భరణి వంగి నటరాజన్‌ను లేపి కూర్చోబెట్టాడు.

"ఎడమచెయ్యి వాచింది సార్. కుడిచెయ్యి ఏంది, అట్ల పిడికిలి పట్టుకొని ఉండారు?"

నటరాజన్ తన కుడి పిడికిలి వైపు, చుట్టూ ఉన్న ముప్ఫైమంది వైపు చూశాడు. ఒక క్షణం ఆలోచించాడు.

"తెరుచుకోలేదప్పా," అన్నాడు నీరసంగా. "నరం పట్టుకొనేసింది. అయిదు వేళ్ళూ పోయినట్టుండాయి."

జనం "అయ్యయ్యో" అన్నారు. వెంకటాద్రి కళ్ళ ముందు పసుపు వ్యాను గిరగిరా తిరిగింది.

"ఎక్కండి సార్. ఈడ పెద్దాసుపత్రికి పోదాము."

"ఈడొద్దు. వేలూరికి పోనీ. ఆడ రిజిస్టరుకు కోర్టులో మర్యాద ఎక్కువ."

వ్యాను కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు నాలుగూ నలిగాయి. శకునం బాగుందని గోవిందమ్మ ఒక్కతే అనుకుంది. ఆమె కూడా ఎక్కి నటరాజన్ ఎదురుగా కూర్చుంది. కొడుకును ఒంటరిగా గుమాస్తాకు అప్పగించేంత తెలివితక్కువది కాదు ఆమె.

లత్తేరి దాటుతుండగా వెంకటాద్రి ఫోను మోగింది. నడుపుతూ ఫోను ఎత్తే అలవాటు అతనికి లేదు. బండి ఓరగా ఆపి, ఇంజను కట్టేసి, అప్పుడు ఎత్తాడు. హేమప్రియ. ఆమె కూడా తెలుగింటి ఆడబిడ్డే, కానీ ఆ రోజు ఆమె గొంతులో చుట్టరికమేమీ లేదు.

"మా పిల్లల అమ్మానాన్నల గ్రూపులో ఒక ఫోటో వచ్చినాది వెంకటాద్రీ. స్కూలు వ్యాను మనిషిని కొట్టింది, డ్రైవరు పరారీ అని ఉండాది. ఇప్పటికి నలభై ఫోన్లు వచ్చినాయి నాకు. సంతకమే కాలేదు, మా పేరు ఎవురు రాయమనినారు దాని మీద?"

"మేడం, నేను కొట్టలేదు మేడం. పారిపోలేదు. చుట్టు తిరుక్కొని వచ్చి, ఇప్పుడు ఆయన్ని ఆస్పత్రికే తీసుకపోతా ఉండాను."

"చుట్టు తిరుక్కొని ఎందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు అమ్మ కాళ్ళు కడుక్కోమన్న దగ్గర మొదలుపెట్టాలి.

"పన్నెండు గంటలకు ఇంకో డ్రైవరు కూడా వస్తా ఉండాడు," అంది హేమప్రియ. "ఏ వాహనమూ తగల్లేదని ఆస్పత్రి కాగితం తెస్తే నువ్వు. లేదంటే ఆయప్ప."

ఫోను పెట్టేసి అతను మళ్ళీ బండి తీశాడు. ఆ మాటలన్నీ విన్న నటరాజన్ సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. దెబ్బ తగిలినవాడిలా కాక, ఆఫీసులో కూర్చున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు.

"చూడు నాయనా వెంకటాద్రీ. నేను పడినందుకు చట్టంలో రెండే దావలు ఉండాయి. ఒకటి, నీ వ్యాను నన్ను కొట్టింది. వ్యానుకు ఇన్సూరెన్సు ఉండాదా?"

"ఉండాది సార్."

"అట్లయితే నా నష్టం కంపెనీ ఇస్తాది. నీ మీద చిన్న కేసు పడతాది, ఫైను కడితే పోతాది. రెండో దావ, నీ గుమ్మడికాయ నన్ను పడగొట్టింది. గుమ్మడికాయకు ఇన్సూరెన్సు ఉండాదా?"

"లేదు సార్."

"అప్పుడు నువ్వే ఇయ్యాల. దాని పైన, నడిచే రోడ్డులో జనాలకి అపాయం చేసినావని ఒక కేసు. పాత చట్టంలో దానికి ఒక నెంబరు, కొత్త చట్టంలో ఇంకో నెంబరు. నీకు ఏది కావాల్నో చెప్పు."

"రెండిట్లోనూ కేసే గదా సార్!"

"కేసు లేకుండా దెబ్బ యాడైనా తగల్తాదా నాయనా?" అన్నాడు నటరాజన్, ఎంతో జాలిగా. "నీ మేలుకే చెప్తా ఉండా. క్యాజువాల్టీలో అడగతారు, ఎట్ల జరిగిందని. ఆడ చెప్పే మొదటి మాట రిజిస్టరులో పడతాది. ఆ మొదటి మాటే కోర్టులో నిలబడేది. దేవుడు దిగొచ్చినా దాన్ని మార్చేదానికి లేదు."

"నేను కొట్టలేదు సార్. కొట్టలేదనే చెప్తాను."

"చెప్పుకో. నేను కొట్టినావని చెప్తాను. దెబ్బ ఎవురిదో, మాటా వాళ్ళదే."

వెంకటాద్రికి స్టీరింగు మీద పడి ఏడవాలనిపించింది. నడిపేవాడు ఏడిస్తే రోడ్డు కనబడదు కాబట్టి ఏడవలేదు. ఒక్క కేసు వద్దని ఇరవై రెండేళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడిపినవాడికి, ఏ కేసు కావాలో ఎంచుకోమంటే ఎలా ఉంటుంది?

గోవిందమ్మ మాత్రం ఈ చట్టం ఏదీ వినడం లేదు. ఆమె చూపు నటరాజన్ పిడికిలి మీదే ఉంది.

"ఏమప్పా, చెయ్యి ఇట్ల ఇయ్యి. మా తమ్మునికి ఇట్లనే పట్టుకొనింటే ఆముదం రాసి, ఒక్కొక్క వేలూ నేనే ఇడదీసినాను."

"ముట్టొద్దు!" అని నటరాజన్ సీటు చివరికి జరిగిపోయాడు. "డాక్టరు చూసేదాకా ఎవురూ ముట్టకూడదు. చెయ్యి కూడా సాక్ష్యమే."

"సాక్ష్యమైతే అంత గట్టిగా ఎందుకు పట్టుకొనేది?" అని గొణుక్కుంటూ గోవిందమ్మ మంచినీళ్ళ సీసా అందించింది. ఆయన వాచిన ఎడమచేత్తోనే సీసా అందుకుని, నొప్పికి మూలుగుతూ తాగాడు. కుడి పిడికిలి మాత్రం పొట్టకు ఆనించుకునే ఉంచాడు.

కాట్పాడి బ్రిడ్జి మీద బండ్లు నిలిచిపోయి ఇరవై నిమిషాలు పోయాయి. వేలూరు పెద్దాసుపత్రి క్యాజువాల్టీలోకి అడుగుపెట్టేసరికి గోడ గడియారం పదిన్నర దాటింది. డ్యూటీలో ఉన్న డాక్టరు శాంతిప్రియ. ఆంధ్ర నుంచి వచ్చే రోగులతో మాట్లాడి మాట్లాడి ఆమెకు తెలుగు బాగానే పట్టుబడింది. ఎర్రగా తడిసిన నటరాజన్‌ను చూసి ముందు కంగారుపడి, వాసన చూసి తేరుకుంది. నర్సు రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకుంది.

"ఎలా జరిగింది?"

"వ్యాను," అన్నాడు నటరాజన్.

"గుమ్మడికాయ," అన్నాడు వెంకటాద్రి.

"దిష్టి," అంది గోవిందమ్మ.

ముగ్గురి మాటా ఒక్కసారే వచ్చింది. నర్సు పెన్ను గాలిలో ఆగిపోయింది.

"ఈ మూడింట్లో ఏది రాయమంటారు?" అని అడిగింది శాంతిప్రియ. "వాహనం అయితే పోలీసులకు తెలియజేయాలి. తమాషా కాదు."

"తెలియజేయండి డాక్టరమ్మా," అన్నాడు నటరాజన్. "ఇంకోటి కూడా రాసుకోండి. కుడిచెయ్యి అయిదు వేళ్ళూ పనిచేసేది లేదు."

ఆమె ఆయన మణికట్టు నొక్కింది, మోచెయ్యి మడిచింది, గోళ్ళ రంగు చూసింది. వేళ్ళను విడదీయబోతే ఆయన ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచాడు. ఆమె నుదురు ముడుచుకుంది.

"నరాలకు ఏమీ అయినట్టు లేదే. సరే, రెండు చేతులకూ ఎక్స్‌రే తీయిద్దాం. అది వచ్చేలోపల మీరు ముగ్గురూ ఒక మాట మీదికి రండి."

అరగంట ఎదురుచూశారు. ఎక్స్‌రే గది దగ్గర ఉంగరాలు, గడియారాలు, చేతిలో ఏమున్నా తీసేయమన్నారు. నటరాజన్ గడియారం విప్పించుకున్నాడు. ఇంకేమన్నా ఉందా అంటే లేదని తల అడ్డంగా తిప్పాడు. బయట బెంచీ మీద వెంకటాద్రి ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని, అందులోని కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి ఆ కాగితం పనికిరాకుండా పోతుంది. పసుపు వ్యానును మళ్ళీ తెలుపు చేయాలంటే సెల్వకుమార్ ఎంత అడుగుతాడో అని కూడా ఆలోచించాడు. గడియారం పదకొండుంబావు చూపించింది.

శాంతిప్రియ అందరినీ లోపలికి పిలిచి కంప్యూటర్ తెర వైపు చూపించింది. ఎడమ మణికట్టు బెణికిందంతే. కుడిచేతి ఎముకలు చక్కగా, వరసగా ఉన్నాయి. వాటి మధ్యలో, సరిగ్గా పిడికిలి నడుమ, తెల్లగా, గుండ్రంగా ఒక బిళ్ళ మెరుస్తోంది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇలాంటి ఎముక చూడలేదు నేను," అంది డాక్టరు. "ఇదేమిటండీ?"

నటరాజన్ నేల చూపులు చూశాడు. గోవిందమ్మ కళ్ళజోడు సవరించుకుని తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళింది.

"అది నా పది రూపాయల బిళ్ళ గదా!"

"మీదని ఎలా తెలుసమ్మా?"

"గుమ్మడికాయలో పెట్టింది నేనే గదమ్మా! తెరువప్పా చెయ్యి. తెరువు!"

నర్సు చూస్తోంది, డాక్టరు చూస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇతరుల వేళ్ళకు లెక్క కట్టిన మనిషి తన వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు. ఏ వేలికీ ఏ నరమూ పట్టలేదు. అరచేతి మధ్యలో కుంకుమ అంటిన పది రూపాయల బిళ్ళ, దాని కింద గుండ్రటి ఎర్రమచ్చ.

"అలవాటమ్మా," అన్నాడు పీలగొంతుతో. "కింద బిళ్ళ అగుపడితే నా చెయ్యి ఆగదు. చుట్టూ చూసినాను, ఎవురూ లేరు. తీసుకొనేదాకా బాగానే ఉండాది. లేచేటప్పుడు గుజ్జు మీద కాలు పెట్టేసినాను. కండ్లు తెరిస్తే ముప్ఫైమంది. అంతమంది ముందర చెయ్యి ఎట్ల తెరిచేది?"

వెంకటాద్రికి పొద్దున్నుంచి అణచుకున్న కోపం ఒక్కసారిగా పొంగింది. "పది రూపాయలు తీసినామని చెప్పలేక, నా ఇరవై రెండేండ్లు తీసేయబోతిరి గదా సార్!" అన్నాడు. ఆ మాటకు నటరాజన్ నిజంగానే తల దించుకున్నాడు.

అయితే ఆయనను నిలువునా వణికించింది వెంకటాద్రి కాదు, గోవిందమ్మ.

"దిష్టి బిళ్ళ ఎవురు తీస్తే దిష్టి వాళ్ళకే పోతాది. తెలీదా నీకు? నా కొడుకు మీద ఇరవై రెండేండ్లుగా పడిన కండ్లన్నీ ఇప్పుడు నీ చేతిలో ఉండాయి."

నటరాజన్ నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి చాపాడు. "తల్లీ, నీ బిళ్ళ నువ్వే తీసుకో."

"నాకెందుకు?"

ఆయన డాక్టరు వైపు చాపాడు. ఇంత చదువుకున్న శాంతిప్రియ కూడా రెండడుగులు వెనక్కి వేసింది. చెత్తబుట్ట వైపు తిరిగితే గోవిందమ్మ అడ్డం వచ్చి, "ఈడ పారేస్తావా? రోగం రొష్టుతో వచ్చినోళ్ళకి తగిలిస్తావా?" అని గద్దించింది.

"సరే, ఇప్పుడు చెప్పండి," అంది శాంతిప్రియ నవ్వు ఆపుకుంటూ. "ఎలా పడ్డారు? నేను ఇంకా ఏమీ రాయలేదు."

నటరాజన్ లేచి నిలబడ్డాడు. బిళ్ళ సంగతి కోర్టులో తెలిస్తే ప్యూన్లు కూడా తనను చూసి నవ్వుతారని ఆయనకు తెలుసు. ఎన్నో వందల వాంగ్మూలాలు రాసిన అనుభవమంతా ఒక్కచోట చేర్చి, కామాలతో సహా చెప్పాడు: తాను దారిన నడుస్తూ తనంతట తానే కాలు జారి పడ్డానని, ఏ వాహనమూ తనను తాకలేదని, నిలిచి ఉన్న వ్యాను యజమాని తనను సొంత ఖర్చుతో ఆసుపత్రికి చేర్చాడని, ఎవరి మీదా ఫిర్యాదు లేదని. మొదటి మాటగా అదే రిజిస్టరులో పడింది. ఇక దేవుడు దిగివచ్చినా దాన్ని మార్చేదానికి లేదు.

మణికట్టుకు కట్టు కట్టించుకుని, డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని బయటికి వచ్చేసరికి పదకొండు ముప్పావు. "స్కూల్లో నేనే వచ్చి చెప్తా నాయనా," అన్నాడు నటరాజన్. "ఊళ్ళో మాత్రం ఎవురికీ చెప్పొద్దు." వెంకటాద్రి వ్యాను తలుపు తీశాడు. గోవిందమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆ బిళ్ళతో మా బండి ఎక్కేదానికి లేదు."

"అమ్మా, టైము లేదుమా!"

చివరికి రాజీ కుదిరింది. నటరాజన్ కిటికీ పక్కన కూర్చోవాలి. బిళ్ళ పట్టుకున్న చెయ్యి స్కూలు చేరేదాకా వ్యాను బయటే ఉండాలి. వేలూరు రోడ్ల మీద ఆటోలవాళ్ళు ఆ ఎర్ర పిడికిలిని చూసి, మలుపు తిరుగుతున్నారనుకుని దారి ఇచ్చారు. అందువల్లనే వాళ్ళు పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు చేరగలిగారు.

హేమప్రియ గేటు దగ్గరే నిలబడి ఉంది. పక్కన కవరుతో ఇంకో డ్రైవరు. వ్యాను లోపలికి రాగానే ఆమె కళ్ళు కిటికీ మీద పడ్డాయి.

"చెయ్యి లోపల! మా బండ్లలో మొదటి రూలే అది, చెయ్యి బయట పెట్టకూడదు!"

వెంకటాద్రి ప్రాణం అక్కడే పోయింది. నటరాజన్ గబగబా దిగి, కట్టు కట్టిన చేత్తో నమస్కారం పెట్టి, వాదన మొదలుపెట్టాడు. ఆయన వకీలు కూడా ఏ కేసులోనూ అంత బాగా వాదించి ఉండడు. రోడ్డున పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చేవాళ్ళను వేధించకూడదని చట్టం చెబుతోందని, అలాంటి మనిషిని పరారీ అనడం పాపమని, ఫోటోలో ఉన్నది రక్తం కాదు కుంకుమ అని చెప్పి, డాక్టరు కాగితం చూపించాడు. హేమప్రియ దాన్ని రెండుసార్లు చదివింది. తరువాత వెంకటాద్రి వైపు తిరిగింది.

"ఇదంతా శరి. మనిషి పడినప్పుడు నువ్వు యాడికి పోయినావు?"

అబద్ధం చెప్పడానికి మంచి మంచి జవాబులు ఉన్నాయి. పక్కనే ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం నిలబడి ఉంది. వెంకటాద్రి నిజమే చెప్పాడు.

"దిష్టి కాయ కొట్టినాక ఎనక్కి చూడకూడదని మా అమ్మ చెవి పట్టుకొనింది మేడం. కాళ్ళు కడుక్కొని, పొరక ఎత్తుకొని, పెరట్లో నుంచి చుట్టు తిరుక్కొని వచ్చినాను."

ఇంకో డ్రైవరు ఆశగా ముందుకు జరిగాడు.

"ఎనక్కి చూడని డ్రైవరుకి పిల్లల్ని ఎట్ల అప్పగించేది?" అంది హేమప్రియ.

"వ్యానులో మూడు అద్దాలు ఉండాయి మేడం. రోజంతా నేను చూసేది ఎనక్కే."

"ఆ పొరక?"

"ముక్కలు ఊడ్చేదానికి. ఎవురన్నా జారి పడతారని."

ఆ మాటకు హేమప్రియ పెన్ను తీసింది. ఇంకో డ్రైవరు కవరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వెంకటాద్రి సంతకం కొంచెం వంకరగా వచ్చింది, కానీ వచ్చింది. గోవిందమ్మ కొడుకు చెంపలు నిమిరి మెటికలు విరిచింది. ఆమె లెక్క ప్రకారం గుమ్మడికాయ చేయవలసిన పని పొల్లుపోకుండా చేసింది.

తిరుగు ప్రయాణంలో నటరాజన్‌ను వ్యాను ఎక్కనివ్వడానికి ఆమె ఎంతకూ ఒప్పుకోలేదు. వెంకటాద్రి బతిమాలాడు, ఫలితం లేదు. ఆయన కట్టు చేత్తో గుడియాత్తం బస్సు ఎక్కి, చిల్లరలో కలిపి ఆ బిళ్ళను కండక్టరుకు ఇచ్చాడు. కండక్టరు దాన్ని ఏరి వెనక్కి ఇచ్చి, "ఇది సెల్లాదు సార్, వేరే ఇయ్యండి," అన్నాడు.

సర్కారు నాణేన్ని తీసుకోకపోవడం ఏ చట్టం కిందికి వస్తుందో నటరాజన్‌కు బాగా తెలుసు, కానీ ఆ రోజుకు ఆయన నోరు, పిడికిలి రెండూ మూసుకునే కూర్చున్నాడు.